బొగ్గుగుంతలో అడుగు నీళ్లు

మా తమ్ముడు ఘుగ్గుస్ ఊరి దగ్గర మూతపడి నీళ్లు నిండిన బొగ్గుగని గుంతలో ఈతకు దిగి పైకి రాలేదు. మే నెల. గట్టున బట్టలు, చెప్పులు దొరికాయి. మునగడం మాత్రం ఎవరూ చూడలేదు. ఆ చూడకపోవడమే మా ప్రాణాలు తోడేసింది.

మావాళ్లంతా గోదావరి ఒడ్డు ఊళ్లనుంచి గనిపనికి వచ్చినవాళ్లు. మునిగినవాణ్ని నీళ్లు మూడోనాడు తేల్చి ఇస్తాయని వాళ్ల నమ్మకం. మూడోనాడు పొద్దు వాలుతున్నా ఏమీ తేలలేదు. పడవేసుకుని గాలిస్తున్నవాళ్లను చూస్తూ కూర్చున్న మా పెద్దబాపు తువ్వాల దులుపుకొని లేచాడు.

"తేలలేదంటే నీళ్లల్ల లేడు. యాడికో పోయిండు, వస్తడు. పడవోళ్లను పొమ్మందాం."

ఆ మాటకు తమ్ముడి భార్య, మా మరదలు తలెత్తింది. అప్పటిదాకా ముట్టని నీళ్లచెంబు అందుకుని గటగటా తాగింది.

నేను నోరు మూసుకుంటే ఆమె ఆశ నిలుస్తుంది. పడవ వెళ్లిపోతుంది. తమ్ముడు అడుగునే ఉండిపోతాడు.

"చెప్పుల్లేకుండ గీ ఎండల యాడికి పోతడు పెద్దబాపూ? గోదారి పారే నీళ్లు. ఇది నిలిచిన గుంత. ఎండకు పైనీళ్లే కాగుతయ్. కాగినయి తేలికై పైన్నే ఉంటయ్, చల్లటియి బరువై అడుగున ఉంటయ్. రెండూ కలవయ్. గా చల్లదనంల, గంత లోతుల, శవం జల్ది తేలదు."

"సదువుకున్నదానివి, తమ్ముణ్ని శవమంటవా?"

"అనకుంటే మీరు ఎతుకుడు ఆపుతరు."

అప్పుడే అడుగునుంచి పైకొచ్చి పడవెక్కిన మనిషి అంత ఎండలోనూ వణుకుతున్నాడు. పెద్దబాపు అతనివంక చూసి మళ్లీ కూలబడ్డాడు. పడవ ఉండిపోయింది.

వాదన నెగ్గాను. కాలేజీలో భూగోళం పాఠంగా చదివి, పరీక్ష రాసి మరిచిన సంగతి అది. ఇందుకు పనికొస్తుందని తెలిస్తే ఆ పుస్తకాన్ని పొయ్యిలో పెట్టేదాన్ని.

మరదలు గట్టు దిగి నీళ్లలో అరచెయ్యి పెట్టింది.

"వదినె, ఇటు రా. వెచ్చగనే ఉన్నయ్."

పక్కన కూర్చుని నేనూ చెయ్యి పెట్టాను. పసిపిల్లకు స్నానానికి తోడిపెట్టిన నీళ్లలా ఉన్నాయి.

"చల్లగున్నయా? చెప్పు."

"లేవు."

"మరి నువ్వన్నది తప్పే గదా?"

ఊహ తెలిశాక ఎవరి దగ్గరా తగ్గని నోరు నాది.

"తప్పే తల్లీ," అన్నాను.

అవతల పడవలోని మనిషి మళ్లీ నీళ్లలోకి దూకాడు.