మామ తోసిన కారు

పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకుని బతికే మనిషి తెల్లారుతుండగా దయ్యానికి జడిసి, అత్త ముందు పరువెలా పోగొట్టుకున్నాడో చెబుతాను. నవ్వుకోండి, కానీ మా కాలేజీ దాకా చేరనివ్వకండి.

నాలుగేళ్ల కిందట కరెంటు కారు కొన్నాను. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, వెనక నుంచి ఎవరో పట్టుకున్నట్టు దానంతటదే నెమ్మదిస్తుంది, పైగా బ్యాటరీ చార్జవుతుంది. నెల తిరిగేసరికి, బండి స్టార్ట్ చేసేటప్పుడు తప్ప బ్రేకు జోలికే పోవడం మానేశాను.

ఆ డిసెంబరులో మా మేనత్త రాహేలమ్మను కంటి ఆపరేషనుకు ఆత్మకూరు తీసుకెళ్లాలని సీతారామపురం వెళ్లాను. ఆమె రెండు కళ్లకూ పొర కమ్మింది. మామ పోయేముందు నా చెయ్యి పట్టుకుని, "మీ అత్తకు చూపు తెప్పించరా" అన్నాడు. రెండేళ్లయింది. డాక్టరు తేదీ ఇవ్వడం లేదని అత్తకు చెబుతూ వచ్చాను. అసలు డాక్టరును అడిగితే కదా.

రాత్రంతా కారు ఆరుబయట మంచులో తడిసింది. తెల్లారుతుండగా బయల్దేరాం. ఊరు దాటి ఉదయగిరి వైపు వాలు దిగుతూ, మామను సమాధి చేసిన తోట పక్కకు రాగానే కాలు తీశాను. కారు నెమ్మదించలేదు. పొగమంచులో తెల్లటి సిలువలు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. చప్పుడు లేదు, జోరు మాత్రం పెరుగుతోంది. నా సీటుకు ఎవరో చేతులానించి తోస్తున్నట్టే ఉంది. స్క్రీన్ మీద ఏదో పసుపు అక్షరాలు వెలిగాయి, వాటిని చదివే ధైర్యం నాకు లేదు.

"ఏందిరా ఇంత జోరు?" అంది అత్త.

"మామ తోస్తా ఉండాడత్తా."

"ఆయన పోయి రెండేండ్లాయె గదరా."

"అందుకే తోస్తా ఉండాడు. మామా, తప్పయిపోయింది. నేను డాక్టరును అడగనే లేదు. మూడు తడవలు అత్తకు అబద్ధం చెప్పినాను. ఇప్పుడు తీసకపోతా ఉండా గదా, వదిలిపెట్టు మామా."

ఎదర మలుపు వచ్చేస్తోంది.

"దీనికి బ్రేకు లేదంట్రా?" అంది.

ఉంది. తొక్కాను. ఆగింది.

ఆస్పత్రి బయట కూర్చుని మెకానిక్‌కు ఫోన్ చేశాను. "చలికి బ్యాటరీ చార్జింగ్ సరిగ్గా తీసుకోదు సార్. అది తీసుకోకుంటే కారును పట్టుకునేదేముండాది? వేడెక్కితే మామూలే. ఇదంతా ఫిజిక్సే గద సార్" అన్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కట్టు విప్పిన రోజు అత్త నన్ను దగ్గరికి పిలిచి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏంది అత్తా?"

"మూడు తడవలు అబద్ధం చెప్పిన మొగం ఎట్టుంటాదో చూద్దామనే గదరా కండ్లు తెచ్చుకున్నా."

ఫిజిక్స్ పుస్తకం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట చలి ఉదయాల్లో ముందు బ్రేకు తొక్కుతాను, ఆ తర్వాతే పాపాలు ఒప్పుకుంటాను.