టీచరమ్మ పెన్ డ్రైవ్

కార్ఖానా ఏరియాలో నేను తరచూ వెళ్లే రిపేరు షాపులో టీచరమ్మ కంప్యూటర్ బాగైంది కానీ, ఆమె పెన్ డ్రైవ్ ఖాళీ అయిపోయింది. చనిపోయిన భర్త చర్చిలో పాడిన పాటలు అందులోనే ఉండేవి. వాటికి మరో కాపీ లేదు.

విండోస్ ఎక్కించడానికి పెన్ డ్రైవ్‌ను సిద్ధం చేస్తే, అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. అందుకే మెకానిక్ ఎవరి పెన్ డ్రైవ్ వాడాల్సి వచ్చినా ముందు అడిగేవాడు: "ఇండ్ల ఏమన్న ఉన్నదా? జెర యాద్ జేస్కోండ్రి." ఆ రోజు అతని పెన్ డ్రైవ్ పాడైంది. "బడికి టైమవుతోంది, తొందరగా కానివ్వు బాబూ" అంటూ ఆమె తనది ఇచ్చింది. అతను అడగడం మరిచిపోయాడు.

ఆ తర్వాత నేనెప్పుడు వెళ్లినా పోయిన పాటలు వెనక్కి తేవాలని ఆ పెన్ డ్రైవ్‌నే ముందేసుకుని కూర్చునేవాడు. చివరికి పాటల పేర్లు తిరిగొచ్చాయి. ఒక్క పాటా పలకలేదు.

"పేర్లయితే వచ్చినయ్ అమ్మా" అని మాత్రమే ఆమెకు ఫోన్లో చెప్పాడు. పేర్లొచ్చాక పాటలు రాకపోతాయా అని ఆమె ఇంకా ఎదురుచూస్తోంది.