పిడికెడు బియ్యం సంచీకి సోదా

గుడివాడ కాలవ పక్క రైసుమిల్లుకి మేనేజరుగా వచ్చిన రోజున పూర్ణచంద్రరావు గారు బియ్యం రాశి వంక చూడనైనా చూడలేదు. తిన్నగా గేటు దగ్గరికెళ్ళి, గొళ్ళెం ఊపి చూసి, "ఇంతేనా?" అన్నారు. చేటతో నూక చెరుగుతున్న భాగ్యమ్మకి ఆ క్షణాన్నే తెలిసిపోయింది, ఈయన అన్నం తినే మనిషే గాని బియ్యం తెలిసిన మనిషి కాడని.

భాగ్యమ్మకి బియ్యం తెలుసు. ముదినేపల్లి దగ్గర పల్లెలో పదమూడో ఏట రోకలి పట్టింది. ఇరవై ఏళ్ళపాటు రైతుల ఇళ్ళల్లో వడ్లు దంచింది. గింజ విరక్కుండా పొట్టు ఎగరగొట్టడం ఆమె భుజాలకి వచ్చు. ఆ ఊరికి పొట్టు తీసే హల్లరు మిల్లు వచ్చిన ఏడాదే రోళ్ళన్నీ కోళ్ళు నీళ్ళు తాగే తొట్లయిపోయాయి. పని ఎక్కడికి పోతే అక్కడికే పోదామని భాగ్యమ్మ గుడివాడ వచ్చి మిల్లులో చేరింది. మిషను విరగ్గొట్టిన నూకని చెరిగి వేరు చెయ్యడం ఆమె పని.

"నా కూడు లాక్కున్నదే కాక, దాని ఎంగిలి కూడా నేనే ఎత్తాలి" అనేది పక్కన కూర్చున్న మంగమ్మతో.

"నీది రోకలేగా వదినా. మాది మగ్గం. దాన్ని పొయ్యిలోకి విరవడానికే రెండ్రోజులు పట్టింది" అనేది పెడన నించి వచ్చిన మంగమ్మ. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

యాభై తొమ్మిదిలో మద్రాసు నించి ఇంకో మిషను దిగింది. బ్లోయరుట. తవుడునీ బియ్యాన్నీ గాలితోనే విడగొట్టేస్తుందిట. పద్నాలుగుమంది చెరిగే ఆడవాళ్ళలో తొమ్మిదిమందిని ఇంటికి పంపేశారు. భాగ్యమ్మ, మంగమ్మ మిగిలిన ఐదుగురిలో ఉన్నారు.

బ్లోయరు తిరగడం మొదలెట్టిన వారానికి బియ్యం తగ్గడం మొదలెట్టాయి. ఎన్ని వడ్లు పోసినా రావలసినంత రావడంలేదు. పూర్ణచంద్రరావు గారు కుర్చీలో వెనక్కి వాలి, రెండు రోజులు ఆలోచించి, దొంగల్ని పట్టేశారు. ఒడి ఎవరికుంది? ఆడవాళ్ళకి. కొప్పు ఎవరికుంది? ఆడవాళ్ళకి. ఇంకేం కావాలి!

మర్నాటి నించి గేటు దగ్గర సోదా. పని దిగి వెళ్ళేముందు ఒక్కొక్కరూ ఒడి విప్పి దులపాలి, కొప్పు ముడి తియ్యాలి, ఆకూవక్కల సంచీ బోర్లించాలి. ఇది చూడాల్సింది గేటు కాపలా తోమాసు. వాడు భాగ్యమ్మకి మరిది వరస, ఆదివారం ఏసుప్రభువు గుళ్ళో ఆమెకి రెండు వరసల ముందు కూర్చునే మనిషి. పాపం వాడు మొహం కాలవ వైపు తిప్పుకుని, "దులిపేశారా? అయితే వెళ్ళండి" అనేవాడు.

పది రోజులు దులిపారు. ధూళి రాలింది, ఒకసారి మంగమ్మ కొప్పులోంచి చిన్న పుల్ల రాలింది. ఒక్క బియ్యపుగింజ రాల్లేదు.

"ఏవండీ, ఒక్కటన్నా దొరికిందా?" అని భాగ్యమ్మ మేనేజరు గారినే అడిగింది.

"దొరకలేదు. అంటే భయం పట్టుకుందన్నమాట. సోదా పనిచేస్తోంది."

"మరి బియ్యం ఇంకా తగ్గుతూనే ఉన్నాయంట కదండీ?"

"అంటే తెలివి మీరారన్నమాట. సోదా ఇంకా గట్టిగా చెయ్యాలి."

దొరికితే దొంగలు, దొరక్కపోతే గడుసు దొంగలు. ఈ తూకంలో తమవైపు తట్ట ఎప్పుడు లేస్తుందో భాగ్యమ్మకి అంతుపట్టలేదు.

"బాబుగారూ, తవుడు కొట్టం చుట్టూ కోళ్ళని చూశారా? నడవలేక దొర్లుతున్నాయి. గేదెలున్నవాళ్ళంతా మన తవుడే కావాలని వరస కడుతున్నారు. ఒక్క చేటెడు తవుడు ఇప్పించండి, మీ కళ్ళముందే చెరిగి చూపిస్తాను. ఆ గాలిమిషనే బియ్యాన్ని తవుట్లోకి ఊదేస్తోంది."

మేనేజరు గారు పకపకా నవ్వారు. "మిషనుకి ఒడుందా? కొప్పుందా? ఎలా దొంగిలిస్తుందే?"

భాగ్యమ్మ మళ్ళీ చేట అందుకుంది. అంత బుర్రతక్కువ ప్రశ్నకి జవాబు తయారుచేసినవాడు ఇంకా పుట్టలేదు.

ఆ గురువారం అసలు గొడవ వచ్చింది. భాగ్యమ్మ ఉండే పేటలోని క్రైస్తవుల ఇళ్ళల్లో ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి ఆడదీ ఒక పిడికెడు తీసి పక్కన దేవుడి ముంతలో పోస్తుంది. వారానికోసారి ఒకరు ఇల్లిల్లూ తిరిగి ఆ పిడికిళ్ళన్నీ ఒక సంచీలోకి ఎత్తుకుని గుడికి చేరుస్తారు. దిక్కులేని ముసలాళ్ళకి అదే కూడు. తొమ్మిదేళ్ళుగా ఆ సంచీ భాగ్యమ్మ చేతిలోనే ఉంది. గుళ్ళో ఆమెకున్న పదవల్లా అదొక్కటే, దానికోసం పాతికమంది కాచుకుని ఉన్నారు. ఆ గురువారం గుళ్ళో ప్రార్థన కూడిక పని దిగీదిగగానే ఉంది. అందుకని పొద్దున్నే పదకొండిళ్ళు తిరిగి, సంచీ తోమాసుకి చూపించి మరీ మిల్లు లోపల పెట్టుకుంది.

సాయంత్రం గేటు దగ్గర మేనేజరు గారు స్వయంగా నిలబడ్డారు. సంచీ మూతి విప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది. పది రోజుల తపస్సు ఫలించింది.

"దొరికావే!"

"అవి గుడి బియ్యమండీ. పొద్దున్నే తెచ్చుకున్నాను, తోమాసుని అడగండి."

"వాడు నీ మరిది. వాడి సాక్ష్యం చెల్లదు."

"పోనీ బియ్యాన్నే అడగండి. చేతిలోకి తీసుకుని చూడండి బాబూ."

"బియ్యం బియ్యమే! రేపట్నించి పనికి రానక్కర్లేదు. మీ పాస్టరు గారికి నేనే కబురు పెడతాను, ఎవత్తె చేతికి సంచీ ఇచ్చారో తెలుస్తుంది."

పని పోవడం భాగ్యమ్మకి అలవాటే, ఒకసారి పోయింది, ఇంకోసారి పోతుంది. కాని ఆదివారం గుళ్ళో ఆ సంచీ ఇంకొకరి చేతిలో ఉంటే, తను ఏ బల్లమీద కూర్చుంటుంది?

మేనేజరు గారు అక్కడితో ఆగితే బాగుండేది. కాని ఆయనకి సభ కావాలి. సంచీ ఎత్తి పట్టుకుని, అందర్నీ వెంటబెట్టుకుని లోపలికి నడిచి, అమ్మకానికి సిద్ధంగా పోసిన తెల్లటి అక్కుళ్ళ సన్నబియ్యం రాశి మీద దాన్ని బోర్లించేశారు.

"మిల్లు సొత్తు మిల్లుకి చేరింది" అన్నారు.

మంగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మల్లెపువ్వులాంటి రాశి మీద గోధుమరంగు దంపుడు బియ్యం, పసుపుపచ్చ ఉప్పుడు బియ్యం, రేషను బియ్యం, ఎవరో పేదరాలు వేసిన నూక, అన్నీ పేడకళ్ళలా పరుచుకున్నాయి. పదకొండిళ్ళ పొయ్యిలు అక్కడ తెలుస్తున్నాయి, మేనేజరు గారికి తప్ప.

సరిగ్గా అప్పుడే బందరు వ్యాపారి గోవర్ధనరావు గారు జట్కా దిగారు, ఆ రాశి కొనుక్కుపోదామని. ఆయన పలకరింపులు కూడా లేకుండా రాశి దగ్గరికెళ్ళి, గుప్పెడు తీసి, అరచేతిలో వేలితో కదిపి, కళ్ళజోడు పైనించి చూశారు.

"ఏవండీ పూర్ణచంద్రరావు గారూ, అక్కుళ్ళన్నారు. దంపుడు బియ్యం, ఉప్పుడు బియ్యం, చెత్తా చెదారం కలిపి అంటగడదామనా?"

"అయ్యయ్యో! అవి మావి కావండీ!"

మాట బయటికొచ్చేసింది.

"మరెవరివండీ?" అంది భాగ్యమ్మ, చాలా నెమ్మదిగా.

"నీవే!"

"కాస్త గట్టిగా చెప్పండి. తోమాసుకి చెముడు."

"నీవే, నీవే! మా మిల్లువి కావు! ఆవిడ సంచీలోవండీ, ఆవిడ తెచ్చుకున్నవి! ఇదిగో, తీయించేస్తాను." చుట్టూ చూశారు. "ఏరండే!"

"పని దిగిపోయామండీ. సోదా కూడా అయిపోయింది" అంది మంగమ్మ. మిగతా ముగ్గురూ కొప్పులు ముడేసుకుంటూ నిలబడ్డారు.

గోవర్ధనరావు గారు మళ్ళీ జట్కా వైపు చూస్తున్నారు. ఇక మేనేజరు గారు ఇస్త్రీ పంచె ఎగ్గట్టి రాశి ముందు చతికిలబడ్డారు. ఏరడం రాదు, ఓపిక అంతకన్నా లేదు. మచ్చపడ్డ మేరంతా రెండు చేతులతో దేవి దేవి, భాగ్యమ్మ పట్టుకున్న సంచీలో పోసేశారు. దంపుడు గింజ ఒకటి వస్తే అక్కుళ్ళు నాలుగు వస్తున్నాయి.

"బాబుగారూ, ఎక్కువొస్తున్నాయండీ. నేను తెచ్చింది ఇంత కాదు."

"నోర్మూసుకుని పట్టుకెళ్ళు!"

"ఈ షావుకారు గారు కూడా విన్నారుగా. మరి రేపు పనికి?"

"రా తల్లీ, రా! ముందు ఇక్కణ్ణించి కదులు!"

సంచీ రెండింతలైంది. నెత్తిన పెట్టుకోవడానికి మంగమ్మ చెయ్యి వెయ్యాల్సి వచ్చింది. గేటు దగ్గర తోమాసు గబగబా గొళ్ళెం తీశాడు.

"ఆగు తోమాసూ" అంది భాగ్యమ్మ. "చూడవా?"

"ఎందుకులే వదినా, వెళ్ళు."

"రూలు రూలే. సరిగ్గా చూసుకో. ఈ సోదా పెట్టాక మిల్లు బియ్యం గేటు దాటడం ఇదే మొదలు."

తోమాసు ఆ రోజు మొహం కాలవ వైపు తిప్పుకోలేదు. సంచీ మూతి విప్పి, లోపలికి తొంగిచూసి, గోధుమరంగులో తెలుపుని చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"కూడికకి వేళవుతోంది, మూత కట్టు" అంది భాగ్యమ్మ. "పదకొండిళ్ళ పిడికిళ్ళతో పాటు పన్నెండోవి కూడా ఉన్నాయని పాస్టరు గారికి చెప్పాలి. ఎవరివని అడిగితే పేరు కూడా చెప్తాను, నాకేం భయం? పాపం ఆయన రెండు పిడికిళ్ళతోనూ వేశాడు."

వెనక బ్లోయరు తిరుగుతూనే ఉంది. తవుడు కొట్టం దగ్గర ఒక కోడి లేవబోయి, లేవలేక, కూర్చున్నచోటే గింజలు ఏరుకుంటోంది.