స్టాండర్డ్స్ గది మేడం గారు

మా ల్యాబ్ మేడం గారు మొన్న సోమవారం ఉదయం పోయారు. ఆవిడ తమ్ముడు గారు ల్యాబ్‌కి ఫోన్ చేస్తే, మా సహోద్యోగి వచ్చి తూకం గది గుమ్మం దగ్గర నిలబడి చెప్పాడు. నేను పొడి తూస్తున్నాను. ఆ తూకం పూర్తిచేసి, సీసా మూత బిగించి, అప్పుడు బయటికి వచ్చాను. మధ్యలో వదిలేసి వస్తే ఆవిడకు నచ్చేది కాదు.

మాది రాజమండ్రిలో మందుల్ని పరీక్షించే ల్యాబ్. కంపెనీలు తాము తయారుచేసిన మాత్రల్ని మా దగ్గరికి పంపుతాయి. మాత్రలో మందు ఉండాల్సినంత ఉందో లేదో తేల్చాలంటే, పోల్చి చూడటానికి నమ్మకమైన మందు ఒకటి ముందు మా దగ్గర ఉండాలి. స్వచ్ఛత ఎంతో నిర్ధారించి చిన్న సీసాల్లో పంపే ఆ పొడినే రిఫరెన్స్ స్టాండర్డ్ అంటారు. ఆ సీసాలుండే గది మేడం గారి అధీనంలో ఉండేది. పరీక్ష రిపోర్టుల మీద చివరి సంతకం కూడా ఆవిడదే.

కొవ్వూరు నుంచి బస్సులో వచ్చేవారు. వస్తూనే గాజులు తీసి బ్యాగులో పెట్టుకునేవారు. తల్లో కనకాంబరాలుంటే అవీ గది బయటే. తక్కువ మాట్లాడేవారు. ఎవరైనా హడావుడిగా పొడి తూస్తుంటే చేయి పట్టి ఆపి, "కాఫీ తాగిరా అమ్మా. తూకం ఎక్కడికీ పోదు" అనేవారు. కోప్పడటం నేను చూడలేదు. మెచ్చుకోవడం కూడా పెద్దగా చూడలేదు.

ఒక వానాకాలం మూర్ఛ మాత్రలు పరీక్షకు వచ్చాయి. ఫలితం బాగానే వచ్చింది. మేడం గారు సంతకం పెట్టారు, రిపోర్టు వెళ్ళిపోయింది. మర్నాడు వేరే పనికి ఆ స్టాండర్డ్ సీసా తీసి వెలుతురుకు పట్టి చూశారు. సీసాలో పొడిపొడిగా కదలాల్సింది గోడకు అంటుకుని ఉంది. గాలిలో తేమను పీల్చుకునే మందు అది. స్టాండర్డ్ తేమ పీలిస్తే మనం తూచినదాంట్లో కొంత నీళ్ళే ఉంటాయి. దానితో పోల్చినప్పుడు మందు తక్కువున్న మాత్ర కూడా సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది. మూర్ఛ మాత్రలో మందు తగ్గితే, వేసుకున్న మనిషి రోడ్డు మీదో పొయ్యి పక్కనో పడిపోవచ్చు.

ఆవిడ ఎవరినీ అడగకుండా కంపెనీకి ఫోన్ చేశారు. సరుకు లారీకి ఎక్కుతోందని, రిపోర్టు మీరే ఇచ్చారు కదా అని అవతల మేనేజరు అన్నాడట.

"మేమే ఇచ్చామండి. అది తప్పయ్యుండొచ్చు. సరుకు దించేయండి" అన్నారు మేడం గారు.

విషయం తెలిసి ల్యాబ్ యజమాని వచ్చారు. ముందు మనలో మనం మళ్ళీ పరీక్ష చేసుకుని, తేడా ఉంటేనే చెప్పొచ్చు కదా అని అడిగారు. ఆయన అడిగిందాంట్లోనూ అర్థముంది.

"ఈలోగా ఎవరో ఒకరు వేసుకుంటారు కదండీ" అన్నారావిడ.

కొత్త సీసా తెప్పించడానికి కొన్ని రోజులు పట్టింది. అన్నాళ్ళూ సరుకు గోడౌన్లోనే ఉండిపోయింది. పరీక్ష ఆవిడే స్వయంగా చేశారు. ఫలితం మొదటిదానికన్నా కాస్త తగ్గింది గానీ, ఉండాల్సిన హద్దులోనే ఉంది. మాత్రలు మంచివే.

ఆ కంపెనీ తన పనిని వేరే ల్యాబ్‌కి ఇచ్చుకుంది. మళ్ళీ రాలేదు. యజమాని సంతకం బాధ్యతను మరొకరికి అప్పగించి, ఆవిడకు స్టాండర్డ్స్ గది మాత్రం ఉంచారు. ఆ రోజు మధ్యాహ్నం మేడం గారు క్యారేజీ తెరవలేదు. సాయంత్రం ఎప్పట్లాగే సీసాలుండే ఫ్రిజ్‌కి తాళం వేసి బస్సుకు వెళ్ళారు. రిటైరయ్యేదాకా ఆ గదిలోనే పనిచేశారు.

అనవసరంగా ఆపామా అని ఒకసారి అడిగాను.

"మాత్ర మొదట్నించీ మంచిదే అమ్మా. కాకపోతే అప్పుడు మనకి తెలీదు. తెలుసని రాసిచ్చాం" అన్నారు.

నిన్న పరామర్శకు కొవ్వూరు వెళ్ళాను. తమ్ముడు గారిది పెనుగొండ దగ్గర వరి వ్యవసాయం. అక్క చేసే పనేంటో ఆయనకు చాన్నాళ్ళు అర్థం కాలేదట. తడి ధాన్యం కాటా వేస్తే గింజ బరువెంతో నీటి బరువెంతో తెలుస్తుందా, నా పని అది చూడటమే అని ఒకసారి ఆవిడే చెప్పారట. ఇప్పుడు మా ల్యాబ్‌లో వానాకాలం తెరిచిన ప్రతి సీసానూ తేమ చూశాకే వాడుతున్నాం. ఆ పద్ధతి ఎలా వచ్చిందో కొత్తగా చేరినవాళ్ళకు తెలియదు. ఆవిడా ఎవరికీ చెప్పలేదు.

కిందటి నెల ఆసుపత్రిలో ఆవిడను చూశాను. షుగర్ వల్ల చూపు బాగా తగ్గిపోయింది. నర్సు మాత్ర తీసి చేతిలో పెడితే మింగకుండా స్ట్రిప్ ఇమ్మన్నారు. దాన్ని వేళ్ళతో తడిమి నా వైపు చాపారు.

"చదువమ్మా" అన్నారు.

మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తీరే నెల చదివాను. ఒక అంకె దగ్గర ఆపి మళ్ళీ చదవమన్నారు. చదివాను. అప్పుడు తల ఊపి మాత్ర నోట్లో వేసుకుని, నీళ్ళ కోసం చేయి చాచారు. నర్సు గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.