చైనా మిషన్ మీద తెలుగు చిట్టీలు

"చైనా సరుకు కొనడం ఆపితే వాళ్ళే కాళ్ళబేరానికి వస్తారు" అని మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దమనిషి తీర్పు చెప్పాడు. ఆ తీర్పు రాసిన ఫోనులో సగం విడిభాగాలు అక్కడివే! అర్ధగంట వాదించి విసిగిపోయాను. చైనా సరుకుతో పనిచేసేవాళ్ళనే అడుగుదామని శనివారం ఉదయం పదకొండింటికి ఎల్బీనగర్‌లో ఇబ్రహీంపట్నం బస్సెక్కాను. టికెట్ నలభై, గంట ప్రయాణం.

బస్టాండు దగ్గర ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలున్న కొంగరకలాన్ వైపు ఆటో మాట్లాడుకున్నాను, రెండు వందలకు. డ్రైవర్ మల్లేశ్‌ది ఇంచుమించు నా వయసే. ప్లాట్ల రాళ్ళు పాతిన చేల మధ్య నడుపుతూ, నేనెందుకొచ్చానో విని నవ్వాడు.

"గా ముచ్చట మా బిడ్డనడుగు అన్నా. స్వప్న గీడనే చిన్న ఫ్యాక్టరీల చైనా మిషన్ నడుపుతది. బార్డర్ల లొల్లయినంక వాళ్ళ ఇంజనీర్లకు వీసాలు రాలే. బటన్ల మీదంత చైనా రాతలే. ఫోన్ల చూసుకుంట ఒక్కొక్కటి నేర్చుకొని, తెలుగుల చిట్టీలు రాసి అంటించింది."

"మంచి పనే కదా!"

"ఏం మంచి? ఇప్పుడు వీసాలు ఇస్తున్నరు. ఇయ్యాల గా ఇంజనీరు వచ్చిండు. చిట్టీలు చూసి ఏమంటడోనని మేనేజర్‌కు బుగులు. గా ఇంజనీరు సారు వద్దంటే నా బిడ్డ మళ్ళ ప్యాకింగ్‌కే."

నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ ఆ మిషన్‌ను ఎవరు నడిపినట్టు? ఢిల్లీలో, బీజింగ్‌లో కరచాలనాలు చేసుకున్నవాళ్ళా?

స్వప్న పనిచేసే ఫ్యాక్టరీ గేటు ఎదుట బండి దగ్గర మిర్చిబజ్జీలు తిన్నాను, ప్లేటు ముప్పై. మల్లేశ్ ముట్టుకోలేదు. రెండింటికి షిఫ్టు వదిలారు. స్వప్న ముఖం ముడుచుకుని వచ్చింది.

"చిట్టీలు పీకేసిండ్రా బిడ్డా?"

"లే బాపు. ఒక్కటి తప్పుందని సరిజేసిండు. మిగిలినయి ఫోటోలు తీసుకున్నడు."

"మరి గా మొకమేంది?"

"నీ బుగులు ఎంతుందో జూద్దామని!" పకపకా నవ్వింది. "వారానికోసారి ఫిల్టర్ కడుగుమని వాళ్ళ పుస్తకంల ఉంది. మన దుమ్ముదుబ్బకు రెండు రోజులకే కడగాలె అని చెప్పిన. రాసుకున్నడు. కొత్త మిషన్ వస్తే పిల్లలకు నేనే నేర్పాల్నట."

మల్లేశ్ కళ్ళు తుడుచుకుని, నా ప్లేట్లో చివరి బజ్జీ తీసుకున్నాడు.

సరిహద్దులో పోయిన ప్రాణాలను మరచిపొమ్మని నేననను. కానీ రెండు దేశాలూ మళ్ళీ పనికోసం దగ్గరవుతుంటే, మనం దేహీ అంటూ నిలబడాల్సిన ఖర్మ లేదు. ఇబ్రహీంపట్నం ఆడపిల్ల చెప్పిన మాట ఇవాళ ఒక చైనా ఇంజనీరు నోటుబుక్కులో ఉంది. టీవీల్లో బహిష్కరణ అని అరిచేవాళ్ళెవరైనా ఈ పని చేశారా?

వెళ్ళదలచుకున్నవాళ్ళకు ఒక్క మాట: షిఫ్టు వదిలాక ఆటోలు దొరకవు, తిరుగు ప్రయాణం ముందే మాట్లాడుకోండి.