కదలనని మొండికేసిన గాలి

ఆఫీసులో అందరూ ఆవిడను ఇస్త్రీ మేడం అంటారు. వెనకాల కాదు, మొహం మీదే. బల్లమీది పెన్నుల దగ్గర్నుంచి కంప్యూటర్లో రాసే లెక్కల దాకా ఆవిడకు అన్నీ తీర్చిదిద్దినట్టుండాలి. కూతుళ్లిద్దరూ కవలలు. వాళ్లకు పాలు పోసినా గ్లాసులు పక్కపక్కన పెట్టి, కళ్లు చికిలించి మరీ చూస్తుంది. అదో జబ్బని అత్తగారి తీర్మానం.

సముద్రం మీది గాలిని కంప్యూటర్లో పుట్టించడం ఆవిడ పని. ఆ గాలిని చిన్నచిన్న గడులుగా కోసి, ఒక్కో గడికీ వేడి, తేమ, వేగం ఇచ్చి వదిలితే, వెచ్చని నీటిమీది గాలి పైకి లేచి, సుడులు తిరిగి, మబ్బులు కట్టాలి. కడితేగా! వారం రోజులుగా గాలి బుద్ధిమంతుడిలా తిన్నగా పోతోంది. సాయంత్రంలోగా సుడి చూపించకపోతే పెద్ద కంప్యూటర్ను మరో జట్టుకు ఇచ్చేస్తానని ఆఫీసు పెద్దాయన తేల్చి చెప్పేశాడు. అదే జరిగితే మూడేళ్ల పని గంగపాలే.

మధ్యాహ్నం భర్త ఫోన్ చేశాడు.

"వీళ్లిద్దరూ కంచాల ముందు బిగుసుకు కూర్చున్నారే. అది తింటే నేను తింటానని ఇది, ఇది తింటే నేనని అది. అమ్మ చేతులెత్తేసింది."

"ఇద్దరికీ సమానంగానే పెట్టారా?"

"ఈ ఇంట్లో ఇంకోలా పెట్టే ధైర్యం ఎవరికుంది?"

"ఎవరికో ఒకరికి ఓ చెంచా ఎక్కువ వెయ్యండి. అప్పుడు వాళ్లే కదులు..."

మాట మధ్యలోనే తెర వైపు తిరిగింది. ఫోన్ పెట్టేసింది. అవతల ఆయన ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు పాపం.

ఒక్కో ఎత్తులో ఉన్న గడులన్నిటికీ తను ఒకే వేడి ఇచ్చింది, దశాంశాల దాకా తేడా లేకుండా. ఇక ఏ గడి ముందు లేస్తుంది, ఎందుకు లేస్తుంది? నిజం సముద్రం మీద అంత న్యాయం ఎక్కడ ఏడ్చింది?

అడుగున ఉన్న గడులకు డిగ్రీలో పదోవంతు మించకుండా, ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ, ఇష్టమొచ్చినట్టు వేడి చల్లింది. చల్లడానికి చేతులు రాలేదు. అయినా చల్లింది. లెక్క నడిపించి తెరకు అతుక్కుపోయింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఓ మూల చిన్న పొంగు, దాని పక్కనే ఇంకోటి. ఒకదాన్నొకటి తోసుకుంటూ, మెలికలు తిరుగుతూ తెరంతా పాకేశాయి. పైన మబ్బులు బారులు తీరాయి. ఆవిడకు సంతోషం పట్టలేకపోయింది. కూర్చోలేక, నిలబడలేక, పక్కగది వాళ్లందర్నీ చెయ్యిపట్టి లాక్కొచ్చింది.

పెద్దాయన కూడా వచ్చి, కళ్లజోడు సర్దుకుని తెర చూశాడు.

"కంప్యూటర్ మీ దగ్గరే ఉంచుకోండి. అయినా వారమంతా లేవని గాలి ఇవాళ ఎలా లేచిందమ్మా?"

"ఇన్నాళ్లూ నేనే లేవనివ్వలేదు సార్," అంది ఇస్త్రీ మేడం.