ఫైల్లో పెట్టిన గృహప్రవేశం కార్డు

మావారు పోయిన మూడేళ్ళకి, లోను పెట్టి తాడేపల్లిగూడెంలో చిన్న ఫ్లాట్ కొనుక్కున్నాను. గణపవరంలో టీచర్ని. హోమ్ లోన్ వడ్డీకి ఇన్‌కమ్ టాక్స్‌లో మినహాయింపు కావాలంటే, ఇల్లు పూర్తయినట్టు రుజువు తెమ్మన్నారు మా స్కూలు క్లర్కు గారు. పాలు పొంగించాక ఇల్లు పూర్తయినట్టే కదా! గృహప్రవేశం కార్డు ఫైల్లో పెట్టి ఇచ్చేశాను.

స్టాఫ్ రూములో అందరి ముందూ ఆయన ఆ కార్డు తీసి ఫక్కున నవ్వారు. "మేడమ్ గారూ, ముహూర్తం కాదండీ, మున్సిపాలిటీ వాళ్ళిచ్చే సర్టిఫికెట్ కావాలండీ!"

గదంతా నవ్వులే. చెవులు వేడెక్కిపోతున్నా నేనూ నవ్వేశాను.

ఆయన కార్డు మళ్ళీ చూసి, "అయినా మమ్మల్ని పిలవలేదేంటండీ?" అన్నారు.

భర్త లేని మనిషిని, బొట్టు పెట్టి పిలవడానికి వెళితే ఎవరేమనుకుంటారోనని ఒక్క గుమ్మం కూడా ఎక్కలేదు. పాలు పొంగించిన రోజు ఇంట్లో ఉన్నది పంతులు గారూ, నేనూ.

తర్వాత సర్టిఫికెట్ ఇచ్చాను, మినహాయింపు వచ్చింది. కానీ వంద కార్డులు కొట్టించి, నా చేత్తో నేనిచ్చింది ఆ ఒక్కటే. అదీ టాక్సు కోసం.